అవ్వ నింపిన సీసాలు

"నీ తమ్మునికి టిప్పరిచ్చినారు. నీకేమిచ్చినారో చెప్పు టీచరమ్మా! అది చెప్పినాకనే ఈన్నుంచి కదిలేది."

సంజీవప్ప గడప బయట నిలబడి అరుస్తున్నాడు. గొర్రెలు తోలే కర్రను మాటమాటకీ నేలకేసి కొడుతున్నాడు. ఆయన వెనక కదిరమ్మ, కదిరమ్మ వెనక ఖాళీ బిందెలతో సగం వీధి. పొద్దున్నే రావాల్సిన ట్యాంకరు రాలేదు. ఇక రాదని కూడా తేలిపోయింది. గుట్టకిందపల్లి బోరు నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయని ల్యాబు చెప్పేశాక ఆ ఊరికి ట్యాంకరెందుకని, పై ఆఫీసులో ఎవరో మహానుభావుడు కుర్చీలోంచి లేవకుండానే ఆపేశాడు.

షహీన్ గడప లోపల బిగుసుకుపోయి నిలబడింది. ఆ ట్యాంకరు తెప్పించింది ఆమే. ఊరి వెనక చెత్త డంపు పెరిగేకొద్దీ బోరు నీళ్ళు రంగు మారుతున్నాయని, వాసన వేస్తున్నాయని ధర్మవరంలోనూ పెనుకొండలోనూ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆమే. నీళ్ళు పరీక్ష చెయ్యండని పట్టుబట్టిందీ ఆమే. తీరా పరీక్ష చేస్తే ఏ దోషమూ లేదని వచ్చింది. ఇప్పుడు ఊరి కళ్ళకు ఆమె ఒక అబద్ధాలకోరు, కాదంటే అమ్ముడుపోయిన మనిషి. రెండింటిలో ఏది పెద్ద తిట్టో ఆమెకే తెలియడం లేదు.

"మామా, రిపోర్టు అట్ల ఎట్లొచ్చిందో నాకూ అర్థం కాలేదు. మళ్ళా అడుగుతా..."

"మామా గీమా అనొద్దు! వాన పడితే చాలు, డంపులోంచి నల్లనీళ్ళు నా చేన్లోకి దిగుతాండాయి. గొర్రెపిల్లలు నురగ కక్కి సస్తాండాయి. నీ రిపోర్టేమో నీళ్ళు శానా బాగుండాయంటాది. డంపు కంపెనీవాళ్ళు అది అడ్డం పెట్టుకొని రెండో గుంత తవ్వుతాండారు. పో, పోయి సూడు!"

కదిరమ్మ ఆయన్ని పక్కకు జరిపి ముందుకొచ్చింది. ఆమె అరవలేదు. అదే షహీన్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

"నా మనమరాలు నీ అంగన్‌వాడీలోనే తింటాది. ఈ పొద్దు పప్పు ఏ నీళ్ళతో ఒండుతావమ్మా?"

అంగన్‌వాడీ డ్రమ్ములో ట్యాంకరు నీళ్ళు నిన్ననే అడుగంటాయి. మిగిలింది వీధి చివర కొళాయి. దానికి నీళ్ళొచ్చేది షహీన్ ఇంటివాళ్ళ బోరు నుంచే.

లోపల మంచం మీద కూర్చుని టీ తాగుతున్న అల్తాఫ్‌కు అప్పుడే నోరు దురద పుట్టింది. ఒంటి మీద కంపెనీ ఖాకీ చొక్కా, చేతిలో టిప్పరు తాళాలు.

"రిపోర్టు వచ్చింది గదా కదిరమ్మత్తా. మన నీళ్ళు బంగారమంట. మాయక్కకి కంపెనీ అంటే కడుపుమంట, అంతే."

"నువ్వు నోరు ముయ్‌రా. నీ బండి పోతే ముక్కు మూసుకోవల్ల, నువ్వు మాట్లాడితే చెవులు మూసుకోవల్ల. మాకుండేది రెండే చేతులు," అంది కదిరమ్మ.

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఖాళీ బిందె పట్టుకుని ఎంతసేపని నవ్వుతారు?

ఇంత జరుగుతున్నా నాయన దాదాపీర్ అరుగు మీద కొత్త పరుపుకు దబ్బనంతో కుట్లు వేస్తూనే ఉన్నాడు. ఇంటి ముందు ఊరంతా నిలబడి కన్నకూతుర్ని కడిగేస్తుంటే ఆ మనిషి తలెత్తలేదు. దారం తెగితే పంటితో కొరికి, మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఊరివాళ్ళ తిట్లు షహీన్ ఓర్చుకోగలిగింది కానీ ఆ దబ్బనం చప్పుడు ఓర్చుకోలేకపోయింది.

"తమ్ముని ఉద్యోగం కోసం ఊరి గొంతు కోసినావు," అన్నాడు సంజీవప్ప చివరగా. వెళ్తూ వెళ్తూ గుమ్మం ముందు ఉమ్మేశాడు.

ఆ ఇంటి ముందు అలా ఉమ్మిన మనిషి ఇన్నాళ్ళలో ఒక్కడూ లేడు.

*

జనం వెళ్ళిపోయాక షహీన్ తమ్ముడి మీద పడింది.

"వాళ్ళు నన్ను అన్ని మాటలంటాంటే టీ తాగుతా కూర్చుంటివి గదా! సిగ్గు లేదా నీకు?"

"నాకెందుకు సిగ్గు? కంపెనీ మీద కంప్లైంటు ఇచ్చింది నువ్వు. ఓడిపోయింది నువ్వు. నన్ను పనిలోంచి తీసేసి ఉంటే తెలిసొచ్చేది నీకు."

"ఆ బండ్లో ఏం తెచ్చి పోస్తాండావో ఎప్పుడన్నా చూసినావా? హిందూపురం నుంచి వచ్చే డ్రమ్ముల్లో ఏముంటాదో అడిగినావా?"

"నేను డ్రైవర్ని. తాళమిస్తే తోల్తా, ఆపమంటే ఆపుతా."

"నోరు కూడా వాళ్ళు తాళమిస్తేనే తెరుస్తావు!"

"అక్కా, మర్యాదగా ఉండదు చెప్తాండా."

అవ్వ హసీనాబీ ఇద్దరి మధ్యకు వచ్చింది. అవ్వకు నడుం వంగింది కానీ గొంతు వంగలేదు. అయితే ఈసారి ఆ గొంతులోనూ ఏడుపుంది.

"ఆపండి మీ యుద్ధాలు. ఊరోళ్ళకి బుద్ధి లేదు, మీకూ లేదు. నా మనమరాలు ఏం తప్పు చేసిందని? అంత మంచి నీళ్ళు పోసిస్తే కూడా దీన్ని తిట్టి పోతాండారే!"

షహీన్ తమ్ముణ్ణి వదిలి అవ్వ వైపు తిరిగింది.

"ఏం పోసిస్తివి అవ్వా?"

"ఆ పొద్దు ల్యాబోళ్ళు వచ్చినారు గదా. నువ్వు ధర్మవరం మీటింగుకి పోయింటివి. త్రీఫేసు కరెంటు లేదు, మోటరు ఆడలేదు. ఇద్దరూ ఎండకి వాడిపోయినారు, పాపం. అవ్వా, కరెంటొస్తే ఈ సీసాలు నింపి పెట్టు, మేము డంపు చూసుకొనొస్తామని పోయినారు."

"నువ్వు?"

"నేను సీసాలు బాగా కడిగినా. కడిగి, మన క్యాను నీళ్ళు పోసినా. మూత గట్టిగా బిగించి, తడిబట్ట చుట్టి పెట్టినా. ఎంత సల్లగుండాయో!"

ఆ ఇంట్లో క్యాను నీళ్ళు చుట్టాల కోసం. ధర్మవరం ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే ఆ నీలం క్యాను ముక్కాలిపీట మీద, గుడ్డ కప్పుకుని దర్జాగా కూర్చుంటుంది. ఇంటివాళ్ళు దాని జోలికి పోరు. వచ్చినవాళ్ళకు మాత్రం బోరు నీళ్ళు ఇవ్వరు. ఇస్తే పరువు తక్కువ.

"అవ్వా!" షహీన్ అరిచింది. "అవి పరీక్షకని తెలీదా నీకు?"

"ఎందుకు తెలీదు? తెలుసు కాబట్టే మంచివి పోసినా." అవ్వకు కోపం వచ్చింది. "పరీక్షకి పోయే పిల్లోనికి చినిగిన అంగీ తొడుగుతామా? మీ తాత పేరు మీద సవాబుకని, ఊరికి పుణ్యంగా ఏయించిన బోరు అది. దాని నీళ్ళు కంపుకొడతాండాయని అనంతపురం ల్యాబు దాకా పోయి అందరికీ చూపిచ్చల్లనా? బయటోళ్ళ చేతికి మనింట్లోంచి ఏది పోయినా మంచిదే పోవల్ల."

అల్తాఫ్ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి మంచం మీద వెనక్కి వాలిపోయాడు. షహీన్‌కు ఒళ్ళంతా మండింది. ఆఫీసుల ముందు ఎండలో నిలబడ్డది, గుమాస్తాల చేత ఛీ కొట్టించుకున్నది, ఊరివాళ్ళను ఒక్కొక్కరినే బతిమాలి సంతకాలు పెట్టించింది, అన్నీ ఒక్క క్యాను నీళ్ళలో కొట్టుకుపోయాయి.

"నువ్వు నా గొంతు కోసినావవ్వా."

అంతమాట అవ్వను ఎవరూ ఎప్పుడూ అనలేదు. అరుగు మీద దబ్బనం చప్పుడు ఆగిపోయింది.

*

ల్యాబు నుంచి ఆ రోజు వచ్చిన ఇద్దరిలో ఒకడి పేరు హరి. షహీన్ ఫోను చేస్తే రెండోసారికి ఎత్తాడు. విషయం విన్నాక గొంతు తగ్గించాడు.

"మేడం, ఇది ఎవరితోనూ అనకండి. శాంపిల్ మా చేత్తోనే పట్టుకోవాల. బోరు కాసేపు ఆడినాక పట్టుకోవాల. అవ్వకిచ్చి పోయినామని తెలిస్తే నా ఉద్యోగం పోతాది."

"నీ ఉద్యోగం పోకూడదు. మా తమ్ముని ఉద్యోగం పోకూడదు. కంపెనీవాళ్ళ రెండో గుంత పోకూడదు. మా అంగన్‌వాడీ పిల్లోళ్ళ కడుపులు మాత్రం ఏమైపోయినా ఫరవాలేదు. అంతేనా సార్?"

"అట్ల కాదు మేడం..."

"ఎట్లయ్యా మరి? డంపు చూసొస్తామని పోయి, కంపెనీ ఏసీ రూములో ఎంతసేపు కూర్చున్నారో నేనూ కనుక్కుంటా. కనుక్కొని కలెక్టరాఫీసు ముందర చెప్తా. ఈ పొద్దే రా. వచ్చి నీ చేత్తో పట్టుకొని పో."

హరి నీళ్ళు నమిలాడు. ఆఖరికి ధర్మవరంలోనే ఉన్నానని, త్రీఫేసు ఇచ్చే వేళకు బండి మీద వస్తానని ఒప్పుకున్నాడు. ఫోను పెట్టేసి షహీన్ తిరిగేసరికి గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. ఆయన వేళ్ళకు ఇంకా దూది అంటుకునే ఉంది.

"ఎవరొచ్చేది?"

"ల్యాబాయన. బోరు నీళ్ళు మళ్ళా పట్టుకుంటాడు."

"వద్దు."

పొద్దున్నించి ఆయన నోటి నుంచి వచ్చింది ఈ రెండు మాటలే.

"ఎందుకొద్దు నాయనా?"

"రిపోర్టు వచ్చింది గదా. బాగుండాయని చెప్పినారు. అయిపోయింది."

"అవ్వ చెప్పింది ఇన్లేదా నువ్వు? వాళ్ళు చూసింది మన నీళ్ళు కాదు. క్యాను నీళ్ళు!"

"ఇన్నా. బోరు నాది. దాని తావుకి ఎవరూ వచ్చేది లేదు."

షహీన్‌కు ఇప్పుడంతా అర్థమైనట్టే అనిపించింది. పొద్దున ఆయన ఎందుకు తలెత్తలేదో, కూతురి ముందు ఉమ్మేసి పోతుంటే ఎందుకు కూర్చున్నచోటే కూర్చున్నాడో.

"నీ కొడుకు టిప్పరు కోసమా?"

దాదాపీర్ కూతురి వంక చూశాడు.

"అట్లే అనుకో."

"థూ! ఇంతకన్నా ఊరోళ్ళే నయం. ముఖమ్మీద ఉమ్మినారు. నువ్వు వెనకనుంచి పొడుస్తాండావు. అమ్మ బతికుంటే నీ ముఖం చూసుండేదా?"

"మీ యమ్మ మాట ఎత్తొద్దు!"

ఆ అరుపుకు అల్తాఫ్ కూడా లేచి నిలబడ్డాడు. మొన్న రంజాన్ ముందు కిడ్నీలు పాడై ఆమె పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ ఇలా అరిచి ఆపినవాళ్ళూ లేరు. దాదాపీర్ చెప్పులు వేసుకుని పొలం దారి పట్టాడు.

"నాకు డ్యూటీ ఉండాది," అంటూ అల్తాఫ్ జారుకున్నాడు. వాడికి ఇంట్లో గొడవ ముదిరితే డ్యూటీ గుర్తుకొస్తుంది.

అవ్వ గోడకానుకుని కూర్చుంది. తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. ఉన్నట్టుండి కొంగు నడుముకు చుట్టి లేచింది.

"యాడికి పోతాండావు?" అంది షహీన్ విసుగ్గా.

"నేను చేసిన పని నేనే చెప్పుకుంటా. నా బిడ్డ ముందర ఉమ్మిపోతారా వాళ్ళు?"

*

హసీనాబీ వీధి మొదట్లో మొదలుపెట్టి చివరిదాకా చెప్పుకుంటూ పోయింది. నేనే పోసినా, క్యాను నీళ్ళు పోసినా, నా మనమరాలికి తెలీదు, తిడితే నన్ను తిట్టండి, ల్యాబాయన మళ్ళా నీళ్ళు పట్టేకి వస్తాండాడు, సూసుకోండని గడప గడప ముందూ నిలబడి అరిచింది. కొందరు ముక్కున వేలేసుకున్నారు. కొందరు నవ్వారు. సంజీవప్ప మాత్రం నమ్మలేదు.

"మనమరాల్ని తప్పిచ్చేకి ముసలామెను దింపినారు. నేను నా కండ్లతో చూస్తే గానీ నమ్మను," అని కర్ర తీసుకుని బోరు దగ్గరికి బయల్దేరాడు. ఆయన్ను చూసి కదిరమ్మా, కదిరమ్మను చూసి మిగతా బిందెలూ కదిలాయి.

హరి కూడా చెప్పినట్టే వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే, ఎవరైనా కొడతారేమోనన్నట్టు దిక్కులు చూస్తూ, సంచిలోంచి కొత్త సీసాలు తీశాడు.

"కరెంటొచ్చిందా మేడం?"

కరెంటు వచ్చింది. పక్క చేలల్లో మోటర్లు మోగుతున్నాయి. వీళ్ళ బోరు మాత్రం మూగగా ఉంది. స్టార్టరు పెట్టె తలుపు తీసి ఉంది. లోపల ఫ్యూజులు లేవు. దాదాపీర్ పెట్టె కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యూజులు ఆయన గుప్పిట్లో ఉన్నాయి.

"సూసినారా!" సంజీవప్ప అరుపు చేను దాటింది. "తండ్రీబిడ్డలు కలిసి ఆడతాండే నాటకమిది! ఇయ్యి దాదాపీరా, ఆ ఫ్యూజులు ఇటియ్యి!" అంటూ ముందుకు దూకి చొక్కా కాలరు పట్టుకున్నాడు. దాదాపీర్ ఎదురు తిరగలేదు. గుప్పిట మాత్రం విప్పలేదు.

షహీన్ సంజీవప్ప చెయ్యి విదిలించి కొట్టింది.

"మా నాయన మీద చెయ్యి ఎయ్యొద్దు! నేనడుగుతా. నాయనా, ఇయ్యి."

"ఇయ్యను."

"ఊరంతా నిలబడి చూస్తాంది. నీ కొడుకు ఉద్యోగం ఇంతమంది పిల్లోళ్ళ కన్నా ఎక్కువా?"

"వాని ఉద్యోగం మన్నుగాను!" దాదాపీర్ ఒక్కసారిగా లేచాడు. "ఉంటే ఉంటాది, పోతే పోతాది. నాకేమి వాని ఉద్యోగంతో?"

"మరెందుకు?"

ఆయన కూతుర్ని చూశాడు, ఊరిని చూశాడు. ఎవరితో చెప్పాలో తెలియనట్టు చివరికి హరితో చెప్పాడు.

"మా ఆడామెకి నీళ్ళు బాగా తాపమన్నాడప్పా డాక్టరు, మొదట్లో. క్యాను నీళ్ళు పోస్తామని మాయమ్మ అనె. నేనే వద్దంటి. ఆ నీళ్ళల్లో సత్తువ ఉండదు, మన బోరు నీళ్ళే తాపుతా అంటి. చుట్టాలకి క్యాను నీళ్ళు పోస్తిమి, ఆమెకి ఈ నీళ్ళు పోస్తిమి." ఆయన బోరు పైపును కాలితో తన్నాడు. "వాసనొస్తాండాయి, తాగలేనయ్యా అనె. మందుల నోరు అట్లే ఉంటాదిలే అంటి. తల ఒళ్ళో పెట్టుకొని, తాగేదాకా విడిచిపెట్టకుండా తాపినా. నేనే తాపినా."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా బిడ్డ ఈ నీళ్ళ మీద ఊరంతా తిరిగి కంప్లైంటు ఇస్తాంటే నాకు నిద్ర పట్టలేదు. దీనికేం తెలుసు? నీళ్ళు బాగుండాయని రిపోర్టు వచ్చిందే, ఆ పొద్దే నేను ఇంత కూడు తిన్నా. అది కూడా పీకేస్తారా నా నోట్లోంచి?"

షహీన్‌కు పొద్దున్నించి కోప్పడటానికి ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాయన ముఖం మీద ఉమ్మినంత పని చేసింది తాను. అమ్మ మాటెత్తి మరీ పొడిచింది. ఆయన దగ్గరికి జరిగి అంది:

"అది నువ్వు చేసింది కాదు నాయనా. కంపెనీ చేసింది."

"తాపిన చెయ్యి కంపెనీది కాదు గదమ్మా."

సంజీవప్ప కర్ర చంకలో పెట్టుకుని తల వంచుకున్నాడు. హరి సీసాలు మళ్ళీ సంచిలో పెట్టుకోబోయాడు.

కదిరమ్మ ముందుకొచ్చి దాదాపీర్ ఎదుట నిలబడింది.

"దాదన్నా. నీ ఆలి పోయింది. నా మనమరాలుండాది."

అంతే అంది. బతిమాలలేదు, తిట్టలేదు. దాదాపీర్ గుప్పిట విప్పి, ఫ్యూజులు ఒక్కొక్కటే పెట్టెలో పెట్టాడు. పచ్చ మీట నొక్కాడు.

పైపు గుర్రుమంది. ముందు గాలి వచ్చింది, వెనకే పసుపు పచ్చని నీళ్ళు. కుళ్ళిన తోళ్ళ వాసన గుప్పుమనేసరికి హరి మోచేత్తో ముక్కు మూసుకున్నాడు. కాసేపు పారనివ్వాలని గొణిగాడు. పారనిచ్చాక వంగి, మొదటి సీసా తన చేత్తోనే నింపుకున్నాడు. ఊరంతా మెడలు చాచి ఆ సీసానే చూసింది. దాంట్లో ఏం తేలుతుందో ఇప్పుడే కనిపిస్తుందన్నట్టు చూసింది. షహీన్ కూడా దాన్నే చూస్తోంది.

"ఒరే! ఒరే దాదాపీరా!"

అవ్వ కేక విని అందరూ తిరిగారు.

దాదాపీర్ పైపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ దోసిలి పట్టి తాగుతున్నాడు. నీళ్ళు గడ్డం మీదుగా చొక్కాలోకి కారుతున్నాయి. షహీన్ పరుగెత్తి భుజం పట్టుకుని లాగితే మోచేత్తో తోసేశాడు.

"నాయనా, వద్దు! మోటరు ఆపండప్పా, ఎవరన్నా ఆపండి!"

ఆయన మూతి తుడుచుకుని హరి వైపు చూశాడు.

"ఏముంటే అది రాసుకోప్పా," అన్నాడు. మళ్ళీ దోసిలి పట్టాడు.